పులికాట్‌లో నీటి లోతే లెక్క

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. పులికాట్ సరస్సులో చలితోపాటు నీళ్లు కూడా బయలుదేరతాయి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరుకల్లా నింపిపోయిన సరస్సు, ఫిబ్రవరి వచ్చేసరికి అంచుల నుంచి లోపలికి ముడుచుకోవడం మొదలుపెడుతుంది. పక్షులను చూడడానికి నాకు ఇష్టమైన కాలం ఇదే. సూళ్లూరుపేటలో 2001లో మొదలైన ఫ్లెమింగో (రాజహంస) ఫెస్టివల్ హడావుడి అప్పటికి సద్దుమణిగి ఉంటుంది. లాడ్జిలో గది దొరుకుతుంది, ఆటో డ్రైవరు మామూలు రేటే చెబుతాడు, మైకుల గోల ఉండదు.

సూళ్లూరుపేటలో మా చిన్నాన్న కొడుకు ఉన్నాడు. శ్రీహరికోటలో కాంట్రాక్టు పని. పొద్దున బస్సులో సరస్సు దాటి వెళ్లి, సాయంత్రం మళ్లీ సరస్సు దాటి ఇంటికి వస్తాడు. "మాకు అవి కిటికీలోంచి కనిపించే తెల్ల మచ్చలే అన్నా" అన్నాడు ఫోనులో. అయినా సెలవు పెట్టి బండి మీద తిప్పడానికి ఒప్పుకున్నాడు. పిన్ని చేసే చేపల పులుసు కూడా నా ప్రయాణానికి కొంత కారణమని దాచడం దేనికి.

తెల్లవారకముందే నేలపట్టుకు బయలుదేరాం. సూళ్లూరుపేట నుంచి నెల్లూరు వైపు జాతీయ రహదారి మీద సుమారు ఇరవై కిలోమీటర్లు. లారీల వెనక దీపాలు తప్ప ఏమీ కనిపించనంత మంచు. దొరవారిసత్రం దగ్గర టీ తాగి పక్కకు తిరిగాం. పక్షుల కేంద్రం గేటు దాటి చెరువు కట్ట ఎక్కేలోపే వాసన ఎదురొచ్చింది. చేపలు, రెట్టలు, తడిసిన ఆకులు కలిసిన ఘాటు. మా తమ్ముడు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

చెరువు నీళ్లలోనే నిలబడి పెరిగే కడప చెట్లు ఇక్కడి అసలు ఆస్తి. కొమ్మలు పైన గుబురుగా, కాస్త చదునుగా అల్లుకుంటాయి. వాటి మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. అక్టోబరు, నవంబరులో వానలు పడి చెరువు నిండాక వచ్చి జతకట్టి, సుమారు నెలరోజులు గుడ్లు పొదిగి, ఎండాకాలం ముదిరేలోపు పిల్లలను ఎగరేసుకుపోతాయి. చుట్టూ నీళ్లుండడమే వాటికి కోటగోడ. నక్కలూ అడవి పిల్లులూ ఈదుకుంటూ వచ్చి చెట్టెక్కే శ్రమ పడవు. రెట్టలతో ఆకులు సున్నం కొట్టినంత తెల్లబడ్డాయి. ఆ రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి బలమని చుట్టుపక్కల రైతులు చెబుతారు. పక్షులకు ఇన్నేళ్లుగా ఆ ఊళ్లో రక్షణ దొరకడానికి జాలి ఒక్కటే కారణం కాదు, పంట లెక్క కూడా ఉంది. జాలికన్నా ఆ లెక్కే నమ్మకమైనదని నా అభిప్రాయం.

మేం వెళ్లేసరికి పిల్లలు చాలావరకు తల్లిదండ్రుల ఎత్తుకు వచ్చేశాయి. ఒంటి మీద ఇంకా తెల్లటి నూగు, రెక్కల్లో అప్పుడప్పుడే ముదురు ఈకలు. కట్టకు దగ్గరగా ఉన్న గూటి మీద బైనాక్యులర్ నిలిపి చూశాను. తల్లో తండ్రో తెలియదు, రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి వచ్చి వాలింది. పైముక్కు అంచు వెంట నల్లటి చుక్కలు స్పష్టంగా కనిపించాయి. వాలీ వాలకముందే పెద్దపిల్ల ఒకటి తల మొత్తాన్ని దాని సంచిలోకి దూర్చేసింది. మెడ వరకూ లోపలే. పైనుంచి ఆ పెద్దపక్షి గొంతు అటూ ఇటూ ఉబుకుతోంది. రెండో పిల్ల బయట రెక్కలు కొట్టుకుంటూ, మెడ నేలకేసి బాదుకున్నంత పని చేస్తూ అరుస్తోంది. "ఊపిరాడక చచ్చిపోతుందేమో అన్నా" అన్నాడు మా తమ్ముడు. అది మాత్రం తీరిగ్గా తల బయటికి తీసి, ముక్కు దులుపుకుని, మళ్లీ దూర్చింది.

పెద్ద గూడబాతులు గూళ్ల దగ్గర దాదాపు మూగవి. ఆ రొద అంతా పిల్లలదే.

చెట్ల కింది కొమ్మల్లో నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటికాకులు ఎవరి వాటా వారు పంచుకున్నాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది. కట్ట పక్కన నత్తగుల్లలు కుప్పగా పడి ఉంటే రెండు చేతిలోకి తీసుకుని చూశాను. ఎక్కడా పగుల్లేదు, లోపల మాత్రం ఖాళీ. అది గుల్లను పగలగొట్టదు. కింది ముక్కు కొనను లోపలికి పోనిచ్చి, కండ పట్టును కోసి, నత్తను బయటికి లాగుతుంది. మా తమ్ముడు ఒక గుల్లను జేబులో వేసుకున్నాడు, వాళ్ల పాపకట.

పొద్దెక్కి నేల వేడెక్కాక గూడబాతులు ఒక్కొక్కటిగా లేచాయి. రెక్కలు చాపి, ఆడించకుండా, వేడిగాలి మీద చుట్లు తిరుగుతూ పైకి పోయి, అక్కడి నుంచి తూర్పుకు జారుకున్నాయి. గూడు ఇక్కడ, మేత పులికాట్‌లో. అంటే చెరువులో నీళ్లున్నా సరస్సులో చేపలు లేకపోతే లాభం లేదు, సరస్సు బాగున్నా చెరువు ఎండితే గూడు నిలవదు. కట్ట మీద కలిసిన వాచరు కూడా అదే అన్నాడు: "ఇంకో నెలన్నర ఈ నీళ్లు నిలబడితే చాలు సార్. పిల్లలన్నీ గట్టెక్కుతాయి."

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. మన నేల మీద గూడబాతులు ఊళ్లు ఖాళీ చేసిన కథలు చాలా ఉన్నాయి. 1902లో క్యాంప్‌బెల్ అనే ఆయన కడప జిల్లా బూచుపల్లెలో వీటి గూళ్లు చూసి రాశాడు. 1946లో కేరళకు చెందిన కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో, పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు దగ్గర పెద్ద కాలనీని కనుగొన్నారు. కొన్ని దశాబ్దాలకే అది కూడా ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కొల్లేటిలో ఆటపాక దగ్గర అటవీశాఖ వేసిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెడుతున్నాయి. నేలపట్టును, పులికాట్‌ను 1976లో పక్షుల అభయారణ్యాలుగా ప్రకటించారు.

మధ్యాహ్నం కారం దోశ, ఒక కునుకు.

సాయంత్రం శ్రీహరికోట రోడ్డు పట్టాం. సూళ్లూరుపేట దాటిన కాసేపటికి రెండు పక్కలా సరస్సు మొదలవుతుంది. పది కిలోమీటర్లకు పైగా నీళ్ల మధ్యలో నడిచే ఈ రోడ్డు చివర అనుమతి లేనివారిని ఆపే చెక్‌పోస్టు, దానికవతల అంతరిక్ష కేంద్రం. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అంత విశాలమైన నీటికి సగటు లోతు మీటరు అటూ ఇటూ. ఈ మాట తలకెక్కితే పులికాట్ పక్షులు అర్థమైనట్టే. బెత్తెడు నీళ్లు తగ్గితే ఇక్కడ మైళ్ల కొద్దీ నేల బయటపడుతుంది.

రోడ్డుకు ఉత్తరం వైపు ముందుగా ఎండుతుంది. నీరు అటూ ఇటూ కలిసేది తూముల గుండానే కాబట్టి రెండు పక్కలా ఒకే మట్టం ఉండదు. ఒక తూము దగ్గర బండి ఆపి ఉత్తరానికి తిరిగి కూర్చున్నాం. మా పాదాల దగ్గర ఉప్పు పేరుకున్న బీడు. దాని మీద కెంటిష్ ప్లోవర్లు నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, ఏదో పొడిచి, మళ్లీ పరుగు. ఆగినప్పుడు నేల రంగులో కలిసిపోతాయి. ఇంకాస్త ముందు తడి మెరిసే బురద. అక్కడ గుప్పిట్లో ఇమిడే లిటిల్ స్టింట్ ఉల్లంకి పిట్టలు ముక్కు ఎత్తకుండా కుట్టుకుంటూ పోతున్నాయి. సైబీరియా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ మైదానాల్లో పుట్టి ఇక్కడికి వచ్చినవి. మరో రెండు నెలల్లో అంతదూరం తిరిగి వెళ్లాలి, అందుకే ఆ ఆత్రం. చీలమండ లోతులో ఎర్రకాళ్ల స్టిల్ట్‌లు. ఇంకొంచెం లోతులో, పొడుగాటి తిన్నని ముక్కును కళ్ల దాకా దించి వెతికే గాడ్విట్లు. ఆ పైన తలకిందులై తోకలు పైకి పెట్టిన సూదితోక బాతులు. అన్నిటికీ వెనక గులాబీ చాయలో రాజహంసల వరుస.

మా తమ్ముడికి వరుసగా చూపించాను. కాసేపు బైనాక్యులర్ దించలేదు. తర్వాత, "కాలు పొడుగును బట్టి సీటు నంబరు ఇచ్చారన్నమాట" అన్నాడు. నేను అరగంట చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

రాజహంసల్లో ఎక్కువ భాగం పెద్ద జాతివే. వాటి మేత చూడాలంటే ఓపిక కావాలి. తల తిరగేసి, పైముక్కు కిందికి వచ్చేలా నీళ్లలో ఉంచుతాయి. నాలుక వేగంగా ముందుకూ వెనక్కూ ఆడుతూ నీటిని లోపలికి లాగి బయటికి తోస్తుంది. ముక్కు అంచుల్లోని సన్నటి పొరలు పిండి జల్లించినట్టు చిన్నచిన్న రొయ్యలను, పురుగులను, నాచును ఆపేస్తాయి. ఒక్కోసారి ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురదను తొక్కి కలబెడతాయి. నీళ్లు తీసిన బీడు మీద ఆ తొక్కుళ్ల గుర్తులు వలయాలుగా మిగిలి ఉన్నాయి. ఒకదానిలో అడుగుపెట్టి చూశాను, మధ్యలో చిన్న దిబ్బ, చుట్టూ వేలెడు లోతు గాడి. మా తమ్ముడు ఇన్నాళ్లూ వాటిని పీతల పని అనుకున్నాడట.

మందలో బూడిద రంగు పిల్లపక్షులు విడిగా తెలుస్తాయి. గులాబీ రంగు పుట్టుకతో వచ్చేది కాదు, తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల ఏళ్ల మీద ఎక్కేది. అందుకే వయసు మీరిన వాటి రెక్కలు అంత ఎర్రగా ఉంటాయి.

మాకు కొద్ది దూరంలో ఒక కారు ఆగింది. నలుగురు దిగి ఫోనులు తీసి, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. పక్షులు కదలకపోయేసరికి ఒకతను రాయి అందుకున్నాడు. రాజహంసలు ఎగిరితే ఫోటో బాగుంటుంది, నిజమే. రెక్కల కింద ఎరుపూ నలుపూ అప్పుడే కనిపిస్తాయి. కానీ అంత బరువైన పక్షి నీళ్ల మీద చాలా దూరం పరుగెత్తితే తప్ప లేవలేదు. ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే ఈ రోజుల్లో అలా పదిసార్లు లేపితే ఆ పూట మేత మొత్తం రెక్కల కష్టానికే సరి. నేను నోరు తెరిచేలోపే మా తమ్ముడు అటు నడిచాడు. "ఏమండీ, మీరు అన్నం తింటుంటే ఎవరైనా విస్తరి లాగితే ఊరుకుంటారా? రాయి కింద పెట్టండి" అన్నాడు. ఇద్దరు నవ్వారు, ఒకతను క్షమించమన్నాడు, కారు వెళ్లిపోయింది. తెల్ల మచ్చలన్న మనిషి ఇతనేనా అనిపించింది గానీ పైకి అనలేదు.

మర్నాడు తడ దగ్గరి భీములవారిపాలెం పడవల రేవుకు వెళ్లాం. ఇక్కడి నుంచి ఇరకం దీవికి పడవలు పోతాయి. ఒడ్డుకు దగ్గరలో ఇద్దరు ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో వంగి, అడుగున రెండు చేతులతో తడుముతూ రొయ్యలు పడుతున్నారు. పట్టినదాన్ని పట్టినట్టు, పళ్ల మధ్య కరిచిపట్టుకున్న తాటాకు బుట్టలో వేస్తున్నారు. చేతులు రెండూ పనికే. వాళ్ల వెనకే పది అడుగుల దూరంలో చిన్న తెల్లకొంగలు నాలుగు. వాళ్ల అడుగులకు బెదిరి ఎగిరిన రొయ్య వాటి వాటా.

పడవ నడిపే పెద్దాయన అరవం కలిసిన తెలుగులో మాట్లాడాడు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిందనీ, అటునుంచి పోటునీరు సరిగా రాక ఉత్తరం వైపు ఉప్పెక్కి ఎండుతోందనీ చెప్పాడు. "నీళ్లొస్తే రొయ్య పిల్లొస్తాది, రొయ్య పిల్లొస్తే మేమూ ఉంటాం, అవీ ఉంటాయి" అని ఆకాశంలోని గరుడ పక్షిని చూపించాడు.

రేవులో వలలు దులుపుతుంటే గోధుమతల గల్ పక్షులు మూగాయి. చలికాలమంతా వీటి తలలు తెల్లగా, చెవి దగ్గర ఒక్క మచ్చతో ఉంటాయి. ఇప్పుడు కొన్నిటికి సగం తల గోధుమరంగు తిరిగింది, కొన్నిటికి ముసుగు పూర్తయింది. లడఖ్, టిబెట్ ఎత్తుల్లోని సరస్సుల దగ్గర గూళ్లు పెట్టే వేళకు అన్నీ సిద్ధమవుతాయి. ముసుగు పూర్తయినవి ముందు బయలుదేరతాయా అని మా తమ్ముడు అడిగాడు. నోటుపుస్తకంలో ఏ తలలు ఎన్నో రాసుకోమని పని అప్పగించాను. పది దాకా లెక్కపెట్టాక అన్నీ కలిసి ఒక చేప కోసం లేచిపోయాయి. తిట్టుకుంటూ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. నా రైలుకు ఇంకా గంటన్నర ఉంది.