రెండు ఎడమ చేతుల సైనికుడు

సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశానికి అంతరిక్ష సైనికుడి వేషంలో వెళ్లాలని, ఆ కవచం నేనే తయారుచేసుకోవడం మొదలుపెట్టాను. మొదటి హెల్మెట్ కాగితంతో చేశాను. పెపాకురా అని ఒక జపాన్ ప్రోగ్రామ్ ఉంది. త్రీడీ నమూనాను ముక్కలుగా విప్పి, ఎక్కడ కత్తిరించాలో ఎక్కడ మడవాలో గీతలు గీసి, ఏ అంచు దేనికి అతకాలో అంకెలు వేసి ఇస్తుంది. మందపాటి కాగితం మీద ఆ గీతలు అచ్చు తీసుకుని, అంకెకు అంకె చూసుకుంటూ అతికించుకుపోవడమే పని. రెండు వారాలు రాత్రుళ్లు మేలుకుని అతికించాను. తెల్లగా, కోణాలు కోణాలుగా, ముద్దొచ్చేలా తయారైంది. గట్టిపడాలని దాని మీద పాలిస్టర్ రెజిన్ అనే, కాసేపటికి రాయిలా బిగిసే జిగట ద్రవాన్ని దట్టంగా పూశాను. కాగితం రెజిన్‌ను పీల్చుకుని మెత్తబడింది. పొద్దున లేచి చూస్తే కుడి దవడ లోపలికి కుంగిపోయి, నా అంతరిక్ష సైనికుడు పంటి నొప్పితో బాధపడుతున్నవాడిలా ఉన్నాడు. లోపల అడ్డంగా పుల్లలు నిలబెట్టి, రెజిన్‌ను పలుచగా పొర తర్వాత పొరగా వేయాలని ఆ తర్వాత తెలిసింది. అప్పటికి హెల్మెట్ రాయిలా బిగిసింది.

ఆ రాత్రి తలనొప్పి కూడా వచ్చింది. ముక్కుకు మాస్కు పెట్టుకున్నాను కదా అనుకున్నాను, కానీ దుమ్మును ఆపే మాస్కు రెజిన్ ఆవిరిని ఆపదు. దానికి రసాయన ఆవిరిని పీల్చుకునే ఫిల్టర్లు బిగించిన రెస్పిరేటర్ కావాలి, కిటికీలూ తెరిచి ఉండాలి. కవచాల పనిలో నేను మొట్టమొదట కొనాల్సిన వస్తువు అది. కొన్నది మాత్రం ఆఖరున.

రెండోసారి ఫోమ్ పట్టుకున్నాను. ఈవీఏ ఫోమ్ అంటే వ్యాయామం చేసేచోట నేల మీద పరిచే మెత్తని చాపల్లో, చెప్పుల అడుగుల్లో ఉండే పదార్థమే. ఛాతీకి, వీపుకు 10 మిల్లీమీటర్ల మందం, చేతులకు, తొడలకు 6, అంచుల మీద నగిషీలకు 2. తేలిక, చవక, తప్పు చేస్తే ఇంకో ముక్క కోసుకోవచ్చు. నాలాంటివాడికి ఆ మూడో గుణమే ముఖ్యం.

కొలతల పద్ధతి విచిత్రంగా ఉంటుంది. పాత చొక్కా వేసుకుని నిలబడాలి. దాని మీద పలుచని ప్లాస్టిక్ పొర చుట్టాలి, ఆ పొర మీద టేపు చుట్టాలి. ఒంటి ఆకారం టేపులోకి దిగాక దాని మీదే కవచం గీతలు గీసి, కత్తిరించి విప్పి, నేల మీద చదును చేస్తే ఫోమ్ కోయడానికి నమూనా సిద్ధం. ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. అక్కను పిలిచాను. టేపు చుట్టలు మూడు అయిపోయాక ఆమె ఆగి నన్ను ఎగాదిగా చూసింది.

“ఒరేయ్, పొట్ట లోపలికి లాక్కున్నావు కదూ?”

“లేదక్కా.”

“గాలి నిండుగా పీల్చి నిలబడు. లేకపోతే రేపు అందులో ఊపిరికి చోటుండదు.”

సైనికుడికి పొట్ట ఉండటం నాకు నచ్చలేదు. గాలి పీల్చినట్టు నటించాను.

ఫోమ్ కోతలో రహస్యమేమైనా ఉందంటే అది బ్లేడే. పదును తగ్గిన బ్లేడు ఫోమ్‌ను కోయదు, పీకుతుంది. అంచు గరుకుగా చీలుతుంది, ఆ చీలిక అతుకులో కనిపిస్తుంది, అతుకు మీద ఎంత రంగు వేసినా పోదు. నాలుగైదు కోతలకు ఒకసారి బ్లేడు సాన పట్టడమో మార్చడమో చేయాల్సిందే. రెండు పలకలు కోణంలో కలవాలంటే రెండు అంచులనూ ఏటవాలుగా కోయాలి. పలకను మడవాలంటే వెనక వైపు వి ఆకారపు గాడి తీసి, అక్కడ వేడి గాలి ఊదే హీట్ గన్ పట్టి వంచాలి. వేడి తగులుతున్నప్పుడు గరుకుగా ఉన్న పైపొర ఒక్కసారిగా తళుక్కుమంటుంది. పైన ఉన్న సన్నని రంధ్రాలు మూసుకుపోయాయని దాని అర్థం. అప్పుడే వేడి తీసేసి, వంపు పెట్టి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. ఇంకాస్త కాలిస్తే పొక్కులు లేస్తాయి. ఆ తళుకు కోసం ఎదురుచూడటం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అవసరం లేని ముక్కలను కూడా ఊరికే కాల్చి చూశాను.

కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు మొండిది. రెండు అంచులకూ పూసి, వేలికి అంటనంతగా ఆరేదాకా పది నిమిషాలు ఆగాలి. తడి మీద కలిపితే పట్టుకోదు. ఆరాక కలిపితే విడవదు, పక్కకు జరపడానికి కూడా ఒప్పుకోదు. అందుకే కోయడానికి ముందే అతుకుకు రెండు వైపులా ఎదురెదురుగా గుర్తులు పెట్టుకుని, గుర్తుకు గుర్తు కలుపుకుంటూ వెళ్లాలి.

నేను గుర్తులన్నీ పెట్టాను. నమూనాను తిరగేయడం మాత్రం మరిచాను. ముంజేతి కవచం బయటి వైపు ఎత్తుగా, బొటనవేలి వైపు కోసినట్టుగా ఉంటుంది కాబట్టి ఎడమకు గీసిన నమూనాను బోర్లా వేసి కుడికి గీయాలి. రెండోదాన్ని కోసి, కాల్చి, వంచి, అతికించి, కుడి చేతికి తొడిగితే ఎత్తు భాగం పొట్ట వైపు తిరిగింది. రెండూ ఎడమ చేతులే! లోపల మార్కర్‌తో ‘ఎడమ’ అని నేనే రాసుకున్నాను కూడా. కుడిది మళ్లీ చేశాను. మిగిలినదాన్ని పారేయబుద్ధి కాక మిగతావాటితో పాటే రంగు వేశాను.

రంగు గురించి ఎక్కువ చెప్పను. ఫోమ్ మీద ముందుగా పూత వేయకపోతే రంగునంతా తాగేస్తుంది. నీళ్లు కలిపిన తెల్ల జిగురు వేశాను, కదలని చోట బాగానే ఉంది, మోచేతి దగ్గర వంగినచోట పగిలింది. అక్కడ గీకేసి రబ్బరు పూత వేశాను. దాని మీద నలుపు, ఆ నలుపు మీద దాదాపు ఆరిన కుంచెతో వెండి రంగు. చివరగా పలుచని నల్లరంగు పూసి వెంటనే తుడిచేస్తే గాడుల్లో మాత్రం మురికిలా నిలుస్తుంది. ఇక్కడ చాలామంది ఆగలేరు, కవచం నిండా గీతలు పెట్టేస్తారు. గీతకు కారణం ఉండాలి. మోచేయి గోడకు రాసుకుంటుంది, తుపాకీ పట్టీ భుజం మీద ఒరుసుకుంటుంది. వీపు మధ్యలో గీతలెందుకు?

అసలు యుద్ధం హెల్మెట్‌లో జరిగింది. మెడ దగ్గర సన్నగా ఉంటే అందమని అలా చేస్తే తల దూరలేదు. వెనక భాగాన్ని కోసి, అయస్కాంతాలతో మూసుకునే తలుపు చేశాను. కళ్లకు నల్లటి ప్లాస్టిక్ అద్దం, ఉన్నవాటిలో అన్నిటికన్నా నల్లనిది. లోపల నీలం ఎల్ఈడీలు పెట్టాను, అద్దం వెనక మెరిస్తే బాగుంటుందని. పెట్టుకుని దీపాలు వేస్తే నా ముక్కు తప్ప లోకం కనిపించలేదు. నల్ల అద్దం పనిచేసేదే లోపల చీకటి, బయట వెలుతురు ఉన్నప్పుడు. లోపల వెలుతురు పెట్టిన మరుక్షణం నాకు నా ప్రతిబింబం కనిపిస్తుంది, బయటివాళ్లకు నా ముఖం కనిపిస్తుంది. దీపాలను కణతల పక్క గాడుల్లోకి, బయటి వైపుకు మార్చాను. అద్దాన్ని కూడా కాస్త పలుచని రంగుదానితో మార్చాను.

తర్వాత ఆవిరి. మూడు నిమిషాలకే ఊపిరి అద్దం మీద మంచులా పట్టేది. గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు పలుచగా రాసి తుడిస్తే కాసేపు ఆగేది, అంతే. చివరికి కంప్యూటర్లలో వాడే 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పెట్టాను. ఒకటి గడ్డం దగ్గర గాలిని లోపలికి లాగి అద్దం మీదుగా పైకి తోస్తుంది, రెండోది వెనక నుంచి బయటికి పంపుతుంది. దీనితో ఇంకో చిక్కు కూడా విడిపోయింది. అంతకుముందు దీపాలు అర నిమిషం వెలిగి ఆరిపోయేవి. అన్ని తీగలూ రెండుసార్లు విప్పి మళ్లీ సోల్డరింగ్ చేశాను. తప్పు తీగల్లో లేదు. మరీ తక్కువ కరెంటు వాడుతుంటే, ఏ ఫోనూ తగిలించలేదనుకుని, దీపాలకు పెట్టిన పవర్ బ్యాంక్ తనంతట తానే ఆగిపోతుంది. ఫ్యాన్లు కలిశాక ఆ భారానికి మెలకువగా ఉంది. ఫ్యాన్లను నేరుగా హెల్మెట్ గోడకు బిగిస్తే తల నిండా తేనెటీగల తుట్టె ఉన్నట్టుంది. కింద మెత్తని ఫోమ్ పెట్టాక మోత తగ్గింది.

సమావేశం రోజున అక్కే నాకు కళ్లూ చెవులూ. కిందికి చూస్తే నా పాదాలు నాకు కనిపించవు, ఫ్యాన్ల మోతలో మాట వినిపించదు. మోచేతిని ఒకసారి నొక్కితే మెట్టు, రెండుసార్లు నొక్కితే ఆగు అని ముందే అనుకున్నాం. మధ్యాహ్నానికి ఆమె చెప్పిన మాట నిజమైంది. నిండుగా ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్క పట్టీలు కిర్రుమన్నాయి. కూర్చోవడం సాధ్యం కాలేదు, తొడ పలకలు పొట్టలో గుచ్చుకున్నాయి. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశానికి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు అభిమానులు భవిష్యత్ కాలపు దుస్తుల్లో వెళ్లారు. వాటిని తయారుచేసింది డగ్లసే. గుడ్డతో కుట్టినవి. వాళ్లు హాయిగా కూర్చుని ఉంటారు.

రెండుసార్లు నొక్కినా ఆగలేదు నేను. ఎడమ ముంజేతి కవచం తలుపు పిడికి తగులుకుని అతుకు వెంట బారుగా చీలింది. అక్క సంచిలోంచి ఆ రెండో ఎడమ చేతిని తీసింది. దాన్ని సంచిలో పెట్టింది నేను కాదు, ఆమే.

పోటీలో న్యాయనిర్ణేత ఒకామె ముందు భాగం వైపు పెద్దగా చూడలేదు. ముంజేతి కవచాన్ని విప్పమని, తిరగేసి లోపలి అతుకులను వేలితో తడిమింది. ‘ఎడమ’ అన్న అక్షరాల కింద పెద్దగా గీసిన ప్రశ్నార్థకం ఎందుకని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వి, తన దగ్గర రెండు కుడి మోకాళ్లు ఉన్నాయంది.

ఇంటికొచ్చాక పాత కవచాన్ని అతుకుల వెంట కోసి విప్పాను. మొన్న ఆదివారం అక్క మళ్లీ వచ్చి టేపు చుట్టింది. ఈసారి పొట్ట వదిలేసి నిలబడ్డాను. నడుము దగ్గర టేపు చుట్టడానికి అరచుట్ట ఎక్కువ పట్టింది.