జెండా పాట కోసం నొక్కిన అలౌ

మొన్న ఫిబ్రవరిలో, ఊళ్ళో మిర్చి ఇంకా కల్లాల మీదే ఉన్న రోజుల్లో, ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నర్సంపేట దగ్గరి మా ఊరి నుంచి బాపు ఫోన్ చేశాడు. "నా ఫోన్‌ల మల్ల వైరస్ పడ్డదట బిడ్డా, పదమూడట, బ్యాంకుల పైసలు పోతయని వస్తుంది" అన్నాడు. ఆ గొంతులో భయం కన్నా సిగ్గే ఎక్కువగా వినిపించింది, ఎందుకంటే అది రెండోసారి. అంతకు పదిహేను రోజుల ముందు ఇదే హెచ్చరిక వచ్చినప్పుడు ఆయన నాకు చెప్పకుండా ఫోన్‌ను పట్నంలోని ఒక మొబైల్ దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి కుర్రవాడు ఐదు వందలు తీసుకొని, బ్యాకప్ మాటే ఎత్తకుండా ఫోన్‌ను మొత్తం రీసెట్ చేసి చేతిలో పెట్టాడు. చెల్లి పెళ్ళి ఫొటోలతో పాటు, ఆ ఏడాది పత్తి అమ్మినప్పటి తక్‌పట్టీలను, అంటే మార్కెట్ రసీదులను, బాపు జాగ్రత్తగా తీసి పెట్టుకున్న ఫొటోలు కూడా అందులోనే పోయాయి. అంతా పోయినా హెచ్చరికలు మాత్రం నాలుగు రోజులకే తిరిగి వచ్చాయి.

ఆ ఆదివారం హనుమకొండ నుంచి బస్సెక్కి ఊరికి వెళ్ళి, ఫోన్ తీసుకొని ఏ బటనూ నొక్కకుండా ముందు ఆ హెచ్చరికను చదివాను. ఎర్రటి డాలు బొమ్మ ఉంది. దాని పక్కన "మీ ఫోన్ 13 వైరస్‌ల ద్వారా దెబ్బతినబడింది, వెంటనే శుభ్రపరచు" అని యంత్రం అనువదించిన తెలుగు ఉంది. అయితే చూడవలసినది ఆ పెద్ద అక్షరాలను కాదు. వాటి పైన, బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాలతో క్రోమ్ పేరు, దాని పక్కన అర్థం లేని అక్షరాలు, అంకెలు కలిపి కుట్టిన ఒక వెబ్‌సైట్ చిరునామా ఉన్నాయి. ఫోన్‌లో నిజంగా ఏదైనా భద్రతా యాప్ హెచ్చరిక పంపితే అక్కడ ఆ యాప్ పేరు ఉంటుంది. క్రోమ్ పేరు, పక్కన ఒక వెబ్ చిరునామా కనిపించిందంటే, ఆ మాట ఫోన్ చెప్పినది కాదు, ఎక్కడో ఉన్న వెబ్‌సైట్ ఒకటి బ్రౌజర్ ద్వారా పంపిన చీటీ మాత్రమే. ఆ వెబ్‌సైట్‌కు బాపు ఫోన్ లోపల ఏముందో చూసే దారి లేదు కాబట్టి, పదమూడు అన్న లెక్క కూడా వట్టి కల్పనే.

అసలు ఈ చీటీ పంపే హక్కు దానికి ఎవరిచ్చారు అంటే, పాపం, బాపే ఇచ్చాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఆ రోజు తేజ రకం మిర్చికి జెండా పాట, అంటే వేలంలో ఖరారయ్యే పై ధర, ఎంత పలికిందో తెలుసుకోవడానికి ఆయన గూగుల్‌లో వెతికి, ముందు కనిపించిన ఏదో ఒక ధరల సైటు తెరిచేవాడు. ధర కనిపించే లోపల పేజీ మరెక్కడికో మారిపోయి, "మీరు రోబోట్ కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అనేది. రోబోట్ కాని బాపు నిజాయితీగా అలౌ నొక్కాడు. రీసెట్ తర్వాత మళ్ళీ అదే సైటుకు వెళ్ళి అంతే నిజాయితీగా మళ్ళీ నొక్కాడు. దుకాణం కుర్రవాడు ఫోన్‌ను కడిగాడు గానీ, ఆ అనుమతి ఎలా పడిందో బాపుకు ఒక్క ముక్క చెప్పలేదు.

బ్రౌజర్ నోటిఫికేషన్ అనే ఈ ఏర్పాటు మొదట మోసానికి పుట్టినది కాదు. 2015లో క్రోమ్ 42వ వెర్షన్‌తో, 2016 మొదట్లో ఫైర్‌ఫాక్స్ 44వ వెర్షన్‌తో ఇది సామాన్య వెబ్‌సైట్లకు అందుబాటులోకి వచ్చింది. మెయిల్ వచ్చిందనో, ముఖ్యమైన వార్త ఉందనో, ఆ పేజీ తెరిచి లేకపోయినా చెప్పగలగడం దాని ఉద్దేశం. అనుమతి ఇచ్చిన క్షణంలో ఆ సైటుకు చెందిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి బ్రౌజర్‌లో నమోదై ఉండిపోతుంది, ఆ తర్వాత సైటు పంపే సందేశం బ్రౌజర్ కంపెనీ సర్వర్ మీదుగా మన ఫోన్‌కు చేరి ఆ ప్రోగ్రామ్‌ను లేపుతుంది. పాత కాలపు పాప్-అప్ కిటికీకి ఆయుష్షు మనం ఆ పేజీలో ఉన్నంతసేపే, దీనికి మాత్రం మనం ఆ పేజీని పూర్తిగా మరిచిపోయిన నెల తర్వాత కూడా ప్రాణం ఉంటుంది. హిస్టరీ తుడిచినా అనుమతి అలాగే ఉంటుంది. యాంటీవైరస్‌తో వెతికినా సాధారణంగా ఏమీ దొరకదు, ఎందుకంటే అక్కడ ఉన్నది వైరస్ కాదు, మనం చేసిన ఒక సంతకం.

ఆ అనుమతి అడిగే పెట్టె గురించి కొంచెం వివరంగా చెప్పాలి. "ఫలానా సైటు నోటిఫికేషన్లు చూపించాలనుకుంటోంది" అని చెప్పి అలౌ, బ్లాక్ అనే రెండు బటన్లు చూపే ఆ చిన్న పెట్టెను గీసేది బ్రౌజర్. అందులోని మాటలను వెబ్‌సైట్ మార్చలేదు కాబట్టి, ఆ తెర మొత్తం మీద నిజం చెప్పేది అదొక్కటే. మోసగాడు ఆ పెట్టె చుట్టూ తన కథ అల్లుతాడు: వీడియో ఆగిపోయినట్టు నల్లటి తెర, వయసు నిరూపించుకోమనే మాట, డౌన్‌లోడ్ సిద్ధంగా ఉందనే పచ్చ గీత, వీటన్నిటి నుంచి అలౌ వైపు చూపే ఒక పెద్ద బాణం గుర్తు. నేను పరీక్షించడానికి బ్లాక్ నొక్కి చూశాను. పేజీ వెంటనే అదే పేరుకు ముందు ఒక కొత్త అంకె తగిలించుకున్న మరో చిరునామాకు మారి మళ్ళీ అడిగింది, మళ్ళీ బ్లాక్ నొక్కితే మళ్ళీ మారింది. అనుమతి అయినా నిరాకరణ అయినా ఒక్కో చిరునామాకు వేరువేరుగా వర్తిస్తుందన్న నియమాన్ని వాళ్ళు ఇలా వాడుకుంటున్నారు. నాలుగోసారికి విసిగి అలౌ నొక్కేవాళ్ళ మీదే వాళ్ళ వ్యాపారం నడుస్తుంది. అక్కడ చేయవలసిన పని ఏ బటనూ నొక్కకుండా ఆ ట్యాబ్‌ను మూసివేయడం.

తీసివేయడం మాత్రం తేలిక. నోటిఫికేషన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే, లేదా దాన్ని కిందికి విప్పితే, క్రోమ్ వెర్షన్‌ను బట్టి అన్‌సబ్‌స్క్రైబ్ అనో సైట్ సెట్టింగ్స్ అనో కనిపిస్తుంది, దాని ద్వారా ఆ ఒక్క సైటును ఆపవచ్చు. నేను అలా ఒక్కొక్కటి పీకుతూ కూర్చోకుండా, క్రోమ్‌లో పై మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ దాకా వెళ్ళాను. అనుమతి పొందిన సైట్ల జాబితా అక్కడ బయటపడింది. పదిహేడు ఉన్నాయి. ధరల సైట్లు, క్రికెట్ స్కోర్లు, భక్తి పాటల డౌన్‌లోడ్లు, మేనల్లుడు పదో తరగతి ఫలితాల కోసం తెరిచినవి, ఆపైన పేరే లేనట్టున్న అక్షరాల గుంపులు. బాపు పక్కన కూర్చొని ఒక్కో పేరూ చదివించుకొని, "ఇది గూడనా?" అంటుండగా పదిహేడింటినీ తీసేశాం. తర్వాత ఆ పేజీ పైనే ఉన్న మీటను ఆపివేశాను, దానితో ఇక ఏ కొత్త సైటూ అసలు అడగనే అడగదు. దీనివల్ల వాట్సాప్ సందేశాలు, బ్యాంకు మెసేజ్‌లు ఆగిపోతాయేమోనని బాపు సందేహించాడు. అవి బ్రౌజర్ ద్వారా వచ్చేవి కావు కాబట్టి ఏమీ ఆగవు.

కంప్యూటర్‌లో కూడా దారి ఇదే: క్రోమ్‌లోనైనా ఎడ్జ్‌లోనైనా సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో నోటిఫికేషన్స్ అని టైపు చేస్తే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద పర్మిషన్స్ దగ్గర, నోటిఫికేషన్స్ పక్కనున్న సెట్టింగ్స్ తెరిస్తే, కొత్త అభ్యర్థనలన్నిటినీ ఆపే గడి ఒకటి ఉంటుంది, దానికి టిక్ పెట్టాలి. ఐఫోన్ వాళ్ళకు ఈ బెడద తక్కువ, అక్కడ హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న సైట్లకే నోటిఫికేషన్లు పంపే వీలుంది.

నిజానికి బ్రౌజర్లు చేతులు ముడుచుకొని ఏమీ లేవు. ఫైర్‌ఫాక్స్ 2020 జనవరి నుంచి, మనం పేజీలో ఏదైనా తాకనిదే ఈ పెట్టెను బయటికి రానివ్వడం లేదు. క్రోమ్ అదే ఏడాది సద్దు చేయని చిన్న గుర్తుగా దాన్ని అణచివేసే పద్ధతి తెచ్చింది, 2024లో మోసపూరితమని తేలిన సైట్ల అనుమతిని తానే రద్దు చేసే ఏర్పాటు కూడా ప్రకటించింది. కానీ ఇవన్నీ అప్‌డేట్ అయిన బ్రౌజర్‌కే వర్తిస్తాయి. డేటా ఖర్చవుతుందని ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు ఆపుకొన్న బాపు ఫోన్‌లో క్రోమ్ రెండేళ్ళ పాతది. అప్‌డేట్ పెట్టి, అది పూర్తయ్యే దాకా అమ్మ పోసిన చాయ్ తాగుతూ కూర్చున్నాం.

ఆ హెచ్చరికను నొక్కి ఉంటే ఏమయ్యేదన్నది అసలు భయం. ఇలాంటివి కొన్ని వట్టి ప్రకటనల పేజీకి తీసుకుపోయి, నొక్కిన ప్రతిసారీ పంపినవాడికి కొన్ని పైసలు ముట్టజెబుతాయి. కొన్ని శుభ్రం చేసే యాప్ పేరుతో ఏపీకే ఫైలును, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైలును, దింపుతాయి. కొన్ని కంప్యూటర్ తెర నిండా పరుచుకొని, సైరన్ మోగిస్తూ, మైక్రోసాఫ్ట్ వారి సహాయ నంబరంటూ ఒక ఫోన్ నంబరు చూపిస్తాయి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికలలో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు కాబట్టి, నంబరు కనిపించడమే మోసమని చెప్పడానికి చాలు. ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే ఆ తెర మామూలవుతుంది, కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి బ్రౌజర్‌నే మూసివేయవచ్చు. ఒకవేళ డబ్బు పోయినా, ఓటీపీ చెప్పేసినా, దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

అనుమతులన్నీ తీసేసినా ప్రకటనలు తెర మీదికి ఎగదన్నుకొని వస్తుంటే, దోషం బ్రౌజర్‌ది కాదు, ఫోన్‌లో ఉన్న ఏదో యాప్‌ది. ఈ మధ్య వేసుకున్న టార్చ్ యాప్‌లను, క్లీనర్లను, ముఖ్యంగా పీఎం కిసాన్ పేరుతోనో ట్రాఫిక్ చలానా పేరుతోనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేలను వెతికి తీసేయాలి. ఏపీకే నుంచి వేసుకున్నది ఉంటే అది ఈ చీటీల కన్నా చాలా పెద్ద ప్రమాదం, ముందు నెట్ ఆపి, తర్వాత మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. బాపు ఫోన్‌లో అలాంటిదేమీ కనిపించలేదు.

బయలుదేరే ముందు ధరల కోసం ప్రభుత్వ ఈ-నామ్ యాప్ వేసి, ఏనుమాముల మార్కెట్ ఎలా ఎంచుకోవాలో రెండుసార్లు చూపించాను. మొన్న మళ్ళీ ఫోన్ చేసి, "ఇంకో దాంట్ల లొకేషన్ గావాలని పెట్టె వచ్చింది, మీద సైటు పేరు సదివిన, ఎన్నడు ఇనలే, బ్లాక్ కొట్టిన" అన్నాడు. అదీ విడిగా ఇచ్చే అనుమతే, నోటిఫికేషన్ల మీట దాన్ని ఆపదని నేను చెప్పడమే మరిచిపోయాను.