అయిదో గడికి ఏ వాచీ?

ఏప్రిల్

పెట్టెలో ఆరు గడులుంటే నాలుగు నిండాయి. కీ ఇచ్చే హెచ్‌ఎంటీ పైలట్, సీకో ఎస్‌కేఎక్స్ 007, టిసో పీఆర్‌ఎక్స్, టూడర్ బ్లాక్ బే 58. పైలట్ నలుపు, సీకో నలుపు, టూడర్ నలుపు, టిసో ముదురు నీలం. సాయంత్రం పూట మూత తీస్తే నాలుగూ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే అయిదోదానికి మొదటి షరతు తేలిగ్గానే తేలింది: లేత రంగు డయల్.

రెండో షరతు డబ్బు. పన్నులతో కలిపి పది లక్షల లోపు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన చేతి గడియారం మీద షాపువాళ్లు ఒక శాతం టీసీఎస్, అంటే కొన్నప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేయాలి. రిటర్ను వేసేటప్పుడు అది మన పన్నులో సర్దుబాటవుతుంది కాబట్టి పోయే సొమ్మేం కాదు. కానీ ఎక్కడో ఒకచోట గీత గీసుకోకపోతే ఈ పిచ్చికి అంతుండదు. ప్రభుత్వం గీసిపెట్టిన గీత ఉండగా ఇంకోటెందుకని దాన్నే వాడుకున్నాను.

మూడోది సందర్భం. శ్రావణంలో బావమరిది కూతురి పెళ్లి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. వరసకి మామయ్యను కాబట్టి పట్టు పంచె, లాల్చీ తప్పవు.

వాచీలు పోగుచేసేవాళ్లలో ఓ పాత సూత్రం తిరుగుతూ ఉంటుంది. నీళ్లలోకి దిగే వాచీ, రోజువారీ వాచీ వచ్చేశాక మూడోది 'డ్రెస్ వాచీ' కావాలట. పల్చగా, తోలు బెల్టుతో, చొక్కా కఫ్ కిందకి జారిపోయేలా ఉండాలట. నేనూ ఆ సూత్రం ప్రకారమే జాబితా రాసుకున్నాను: జేగర్ లకూల్ట్ర్ రివెర్సో, కార్టియే సాంటోస్ డ్యూమాంట్, గ్రాండ్ సీకో స్నోఫ్లేక్.

మే మొదట్లో

హైదరాబాద్ వెళ్లి మొదటి రెండూ చేతికి పెట్టుకుని చూశాను.

రివెర్సో కథ మన దేశంలోనే మొదలైంది. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ సైనికాధికారుల వాచీ అద్దాలు పగిలిపోతుంటే, ఆ గోడు సెజార్ ద ట్రే అనే వ్యాపారి చెవిన పడింది. దాంతో అద్దం లోపలికి తిరిగిపోయేలా, ఉక్కు వీపు బయటికొచ్చేలా కేసు చేయించారు. రెనే ఆల్ఫ్రెడ్ షోవో గీసిన ఆ కేసుకి 1931 మార్చిలో పారిస్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. ఇప్పుడొస్తున్న ట్రిబ్యూట్ స్మాల్ సెకండ్స్ 45.6 × 27.4 మి.మీ., మందం 8.5. లోపలి 822 యంత్రం కూడా కేసుకి తగ్గట్టు పొడవాటిదే. గుండ్రటి యంత్రాన్ని పలకలో ఇరికించలేదు. కీ ఇస్తే 42 గంటలు నడుస్తుంది. కేసుని పక్కకి తోసి తిప్పి మళ్లీ మూసినప్పుడు వచ్చే 'టక్' చప్పుడు కోసం షోరూములో అదే పనిగా తిప్పుతూ కూర్చున్నాను. ధర అడిగాక మానేశాను. గీత దాటింది.

సాంటోస్ డ్యూమాంట్ పెద్ద సైజు 43.5 × 31.4, మందం 7.3 మాత్రమే. క్వార్ట్జ్, అంటే బ్యాటరీతో నడిచేది. కలెక్టర్లు క్వార్ట్జ్ అనగానే మొహం చిట్లిస్తారు గాని నాకా పట్టింపు లేదు. ఇది వేరే కారణంతో ఆగిపోయింది.

ఇంటికొచ్చాక లాల్చీ వేసుకుని అద్దం ముందు నిలబడితే విషయం అర్థమైంది. ఈ సూత్రాలన్నీ కఫ్ బొత్తాలు పెట్టుకునేవాళ్లవి. లాల్చీ చెయ్యి వదులుగా ఉంటుంది, పైగా మన మగాళ్లు పెళ్లిలో దాన్ని మోచేతి దాకా మడుస్తారు. దాని కింద గోడ గడియారమైనా పడుతుంది. మిగతా రోజుల్లో నేను వేసేది పొట్టి చేతుల చొక్కా. అంటే మందం 7 మి.మీ.నా 13 మి.మీ.నా అన్నది నాకు లెక్కలోకి రాదు. ఇన్నాళ్లూ మా కలెక్టర్ మిత్రులు 'పల్చన, పల్చన' అంటుంటే తలూపుతూ వచ్చాను. వాళ్లలో సగం మంది టీషర్టుల్లో తిరిగేవాళ్లే.

లెక్కలోకి వచ్చేది బెల్టు. ఆగస్టు రాత్రి విజయవాడ కల్యాణమండపంలో ఏసీ ఉన్నా హోమం దగ్గర చెమట ఆగదు. గంధం, పసుపు, తడిసిన అక్షింతలు అన్నీ ముంజేతి మీదే పడతాయి. లేత రంగు తోలు మీద పసుపు పడితే ఇక ఆ బెల్టుని మర్చిపోవడమే. చెమట పీల్చిన తోలు లోపలి వైపు నల్లబడి వాసన వేస్తుంది. ఈ ఊళ్లో తోలు బెల్టు డిసెంబరు, జనవరి సరుకు. అలా రెండూ జాబితా నుంచి పోయాయి, కొత్త షరతు వచ్చి చేరింది: చైను ఉండాలి.

మే చివర

స్నోఫ్లేక్ దగ్గర బాగా ఆగాను. ఆగాల్సిన వాచీ అది.

టైటానియం కేసు, చైనుతో కలిపి బరువు దాదాపు వంద గ్రాములే. డయల్ జపాన్‌లోని షిన్షూ కొండల మీది మంచుని తలపించేలా చేసింది. దగ్గరగా పట్టుకుంటే గాలికి చెదిరిన మంచు పొరలాగే గరుగ్గా ఉంటుంది. లోపల స్ప్రింగ్ డ్రైవ్. మామూలు కీ వాచీలో చక్రాలని ఆపుతూ వదులుతూ టిక్‌టిక్ అనిపించే భాగం ఇందులో లేదు. దాని బదులు గ్లైడ్ వీల్ అనే చక్రం సెకనుకి 8 చుట్లు తిరుగుతుంది. ఆ తిరుగుడుకే కాస్త కరెంటు పుడుతుంది, దాంతో 32,768 హెర్ట్జ్ క్వార్ట్జ్ ముక్క నడుస్తుంది. చక్రం తొందరపడితే అయస్కాంత బలంతో బ్రేకు పడుతుంది. బ్యాటరీ ఉండదు, శక్తంతా స్ప్రింగుదే. యోషికాజు అకహానే అనే ఇంజనీరుకి 1977లో వచ్చిన ఆలోచన ఇది, బజారులోకి వచ్చేసరికి 1999. సెకన్ల ముల్లు ఎక్కడా తడబడకుండా జారిపోతుంటుంది. రోజుకి ఒక సెకను అటూ ఇటూ. 72 గంటల నిల్వ.

ఇంత మెచ్చుకున్నాక కూడా సందేహాలు మిగిలాయి.

మొదటిది సైజు. కాగితం మీద 41 మి.మీ. అన్నది అడ్డం కొలత. చేతి మీద ఎలా కూర్చుంటుందో చెప్పేది బెల్టు తగిలించే పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఉండే లగ్ టు లగ్. స్నోఫ్లేక్‌ది 49. నా మణికట్టు చుట్టుకొలత పదహారున్నర సెంటీమీటర్లు, పైన చదునుగా ఉన్న భాగం 53 మి.మీ. పడుతుంది గాని అంచుల దాకా వస్తుంది. (వాచీ కొనాలనుకునేవాళ్లు టేపుతో చుట్టుకొలత ఒక్కటే తీసుకోకండి. చెయ్యి బల్ల మీద పెట్టి స్కేలుతో ఆ చదును కూడా కొలవండి. అట్ట ముక్కని లగ్ టు లగ్ పొడవుకి కత్తిరించి మణికట్టు మీద పెట్టి చూస్తే షోరూము అద్దం చెప్పనిది అది చెబుతుంది.)

రెండోది చైను. సన్నగా సర్దుకోవడానికి అర లింకులున్నాయి, కానీ చేతికి ఉండగానే వదులు చేసుకునే ఏర్పాటు క్లాస్పులో (చైను మూసే కొక్కెంలో) లేదు. మన ఎండలకి పొద్దున సరిగ్గా సరిపోయిన చైను మధ్యాహ్నానికి చర్మం మీద అచ్చు వేస్తుంది.

మూడోది నా వయసు. చత్వారం వచ్చింది. స్నోఫ్లేక్ ముళ్లు అద్దంలా మెరుస్తాయి. వెలుతురు వాటి మీద పడితే అద్భుతం, పడకపోతే తెల్ల డయల్ మీద వెండి ముల్లు ఎక్కడుందో వెతుక్కోవాలి. చీకట్లో వెలిగే పూత అసలు లేదు. రాత్రి రెండింటి ముహూర్తానికి వేసుకెళ్లే వాచీలో టైము కనపడకపోతే పంతులుగారిని అడగాలి.

2025లో గ్రాండ్ సీకో 37 మి.మీ. టైటానియంలో కొత్త స్ప్రింగ్ డ్రైవ్ తెచ్చింది. ఏడాదికి 20 సెకన్ల తేడా అంటే మాటలు కాదు. క్లాస్పులో సర్దుబాటు కూడా పెట్టారు. సైజు, చైను బాధలు రెండూ తీరతాయి గాని నాకు చెప్పిన ధర గీత అవతల ఉంది.

జూన్

జాబితాలో లేని వాచీ ఒకటి జొరబడింది. స్నోఫ్లేక్ రెండోసారి చూడ్డానికి వెళ్లినప్పుడు పక్క కౌంటరులో ఒమెగా స్పీడ్‌మాస్టర్, 2024 మార్చిలో వచ్చిన తెల్ల లక్క డయల్ది. మా ఆవిడే చూపించింది. "ఇందులో టైము ఇక్కణ్ణుంచే కనపడుతోందండీ" అంది. కౌంటరుకి రెండడుగుల దూరంలో ఉంది తను.

నిజమే. తెల్లటి డయల్ మీద నల్లటి ముళ్లు, నల్లటి గుర్తులు, వాటి మధ్యలో చీకట్లో వెలిగే పూత. లోపలి మూడు చిన్న డయళ్లు కళ్లజోడు లేకుండా నాకు చదవరావు. కానీ టైము చూడ్డానికి వాటితో పనిలేదు.

అట్ట ముక్క లెక్క ఇక్కడ తిరగబడింది. స్పీడ్‌మాస్టర్ కేసు 42 మి.మీ., స్నోఫ్లేక్ కన్నా పెద్దది. లగ్ టు లగ్ మాత్రం దాదాపు 47.5, అంటే చిన్నది. కొమ్ములు కిందకి వంగి మణికట్టుని పట్టుకుంటాయి. మందం 13 పైన. కఫ్ ఉన్నవాడికి అది తలనొప్పి, నాకు కాదు. ఈ తెల్లదాని క్లాస్పులో బొత్తం నొక్కి కాస్త వదులు చేసుకోవచ్చు.

చంద్రుడి కథకి నేను ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను. 1965 మార్చిలో నాసా దీన్ని వ్యోమగాములకి పనికొస్తుందని తేల్చింది, 1969లో చంద్రుడి మీద ఆల్డ్రిన్ చేతికి ఉంది. వాళ్లని దింపిన మాడ్యూల్లో టైమరు పనిచేయక ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని లోపలే వదిలి దిగాడు. బాగుంది. నాకు కావలసింది అన్నవరం కొండ ఎక్కడానికి.

నచ్చినది ఇంకోటి ఉంది. ఇందులోని 3861 అనే యంత్రానికి పొద్దున్నే కీ ఇవ్వాలి. పైలట్‌కి కీ ఇచ్చే అలవాటు ఎలాగూ ఉంది, ఇంకోటి కలిసినా పని పెరగదు. గట్టిగా ఆగేదాకా తిప్పాలి, ఆగాక బలవంతం చేయకూడదు. నిల్వ 50 గంటలు. 15,000 గాస్ దాకా అయస్కాంతాన్ని తట్టుకుంటుంది. స్నోఫ్లేక్ హామీ దాదాపు 60 గాస్. ఫోను కవర్లకీ, ట్యాబ్ మూతలకీ, పర్సు క్లిప్పులకీ అయస్కాంతాలొచ్చిన రోజుల్లో ఈ తేడా చిన్నదేం కాదు.

కచ్చితత్వంలో మాత్రం స్నోఫ్లేక్‌దే పైచేయి. స్పీడ్‌మాస్టర్ హామీ రోజుకి 0 నుంచి +5 సెకన్లు. నీళ్ల విషయంలో 50 మీటర్లు అని రాసి ఉన్నా తడి చేత్తో క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్) బొత్తాలు నొక్కే ధైర్యం నాకు లేదు. 2027 గోదావరి పుష్కరాలకి పెట్టెలోని పాత సీకోయే వస్తుంది. సర్వీసు ఖర్చు కూడా మూడు ముళ్ల వాచీ కన్నా క్రోనోగ్రాఫ్‌కి ఎక్కువే, లోపల అన్ని మీటలున్నాయి మరి.

జూలై

కొనేముందు సర్దుకోవలసినవి.

దుబాయ్‌లో ఉన్న తమ్ముడు "నేను తెస్తాలే అన్నయ్యా" అన్నాడు. ఇంత ఖరీదైన కొత్త వాచీ తెస్తే కస్టమ్స్‌లో చూపించి సుంకం కట్టాలి, కట్టాక మిగిలేది పెద్దగా లేదు. చేతికి పెట్టుకుని వచ్చేయమనే సలహాలు నాకు అక్కర్లేదు.

స్విట్జర్లాండ్‌తో సహా నాలుగు యూరప్ దేశాల కూటమి ఈఎఫ్‌టీఏతో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడేళ్లలో దశలవారీగా పోతుంది. అయితే ఆగాలా? ఏటా తగ్గేది కొంచెం, కంపెనీలు ఏటా పెంచేదీ ఉంది. ఆగితే లాభమని నాకనిపించలేదు.

రెండు లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి, రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోరు. 18 శాతం జీఎస్‌టీ బోర్డు మీది ధరలోనే కలిసి ఉంటుంది. బిల్లు మీద, వారంటీ కార్డు మీద సీరియల్ నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోవాలి. వారంటీ 5 ఏళ్లు. ఇంటి సామాను బీమాలో ఇలాంటి వస్తువు పేరు పెట్టి విడిగా రాయించాలి, లేకపోతే పరిహారం అడిగేటప్పుడు చిక్కు.

తెల్ల స్పీడ్‌మాస్టర్‌కి అడ్వాన్సు కట్టేశాను. ధర గీత లోపలే ఉంది. వచ్చే శనివారం తెచ్చుకోవాలి. కౌంటరు దగ్గరే చూడాల్సినవి రాసి పెట్టుకున్నాను: రీసెట్ నొక్కితే క్రోనోగ్రాఫ్ ముల్లు సరిగ్గా 12 మీద ఆగుతోందా, 30 నిమిషాల ముల్లు గుర్తుల మధ్య చిక్కుకోకుండా దూకుతోందా, బొత్తాలు రెండూ ఒకే బలంతో పడుతున్నాయా. తీసేసిన లింకులు, పిన్నులు లెక్కపెట్టి సంచిలో వేయించుకోవాలి. లింకులు మధ్యాహ్నమే తీయించాలి, అప్పటికి చెయ్యి ఉబ్బి ఉంటుంది కాబట్టి అసలు కొలత తెలుస్తుంది. రోజువారీ తేడా ఎంతొస్తోందో పెళ్లి అయ్యాక రాస్తాను.