ఒక అలంకర్త వదిలి వెళ్లిన వెండి

గృహాలంకరణలో నలభై ఏళ్లకు పైగా మంచి పేరు నిలబెట్టుకున్న ఒక పెద్దాయన కాలం చేశాక, ఆయన ఇంట్లోని పాత వెండి వేలానికి వెళ్లే ముందు దాని జాబితా రాయడంలో సాయం చేసే అవకాశం నాకు దొరికింది. స్వచ్ఛతను పరీక్షించాక వస్తువు మీద కొట్టే ముద్రను చదివి, తూకం చూసి వెండిని బేరీజు వేయడం నా అలవాటు. ఆయన మాత్రం ఆ రెండింటికన్నా ముందు వస్తువు ఆకారాన్ని, దాని మీద వెలుతురు పడే తీరును చూసేవారని మొదటి బీరువా తెరవగానే తెలిసింది.

మొదట చేతికి వచ్చినవి ఒక జత కొవ్వొత్తి సెమ్మెలు. తిరగేసి పీఠం అడుగున భూతద్దం పెడితే నాలుగు మూలల్లో నాలుగు ముద్రలు కనిపించాయి: నడుస్తున్న సింహం, కిరీటం పెట్టిన చిరుతపులి తల, తయారీదారు పేరులోని పొడి అక్షరాలు, అరిగిపోయి పోల్చుకోవడానికి వీల్లేని మరొక అక్షరం. 1544 నుంచి ఇంగ్లండులో వాడుతున్న ఆ సింహం, వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉన్న స్టెర్లింగుకు గుర్తు. చిరుత తల లండన్ ముద్ర. అరిగిన అక్షరం ఏ ఏడాది పరీక్షించారో చెప్పేది. అది చెరిగిపోయినా కాలం పట్టుకోవడానికి ఒక దారి ఉంది. సుంకం కట్టినట్టు తెలిపే రాజు తల ముద్రను 1784 నుంచి 1890 వరకు కొట్టేవారు, అది ఈ సెమ్మెల మీద లేదు. చిరుత తల మీది కిరీటాన్ని 1821లో తీసేశారు, అది ఇక్కడ ఉంది. కాబట్టి ఇవి 1784కు ముందువే అయి ఉండాలి. ముద్ర లేకపోవడం కూడా ఇలా సాక్ష్యం చెబుతుంది, పాత వెండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఆ సెమ్మెల పక్కనే, అదే అరలో, ఒక షెఫీల్డ్ ప్లేటు పళ్లెం ఉంది. 1740ల్లో థామస్ బోల్సోవర్ కనిపెట్టిన ఈ పద్ధతిలో రాగి దిమ్మె మీద వెండి రేకును వేడితో అతికించి, రెండింటినీ కలిపి రేకుగా సాగదీస్తారు. 1840లో ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్ పూతకు పేటెంటు పొందాక ఇది క్రమంగా మూలపడింది. తరాల తరబడి తుడిచిన చేతుల వల్ల ఈ పళ్లెం నడిమి నగిషీ మీద వెండి అరిగి, రాగి లేత ఎరుపుగా బయటపడింది. కొత్తగా పూత వేయిస్తే తళతళలాడేది, కానీ వస్తువు పాతదనం, దానితో పాటు విలువా పోయేవి. ఆయన ఆ పని చేయించలేదు. వెండి లెక్కన ఆ సెమ్మెలకు ఏమాత్రం సరితూగని పళ్లేన్ని వాటి సరసనే ఉంచారు. ఆయన ఇంటి పాత ఫొటోలు చూశాక కారణం అర్థమైంది: కొవ్వొత్తుల వెలుతురు ఆ ఎర్రని అరుగుదల మీద పడినప్పుడు వెండి చల్లదనం కాస్త తగ్గి, బల్లంతా వెచ్చగా కనిపిస్తుంది.

కంటికి కనిపించే కాంతిని వెండి అంతగా తిప్పి పంపే లోహం మరొకటి లేదు. అయినా పాత వెండిని అద్దంలా మెరిపించడం పొరపాటు. చేతి తుడుపుతో ఏళ్ల తరబడి పడిన సన్నని గీతలే దానికి ఆ మెత్తని కాంతినిస్తాయి. నగిషీ లోతుల్లో గంధకం వల్ల నిలిచిన నలుపే చెక్కడాన్ని పైకి చూపిస్తుంది. రసాయన ద్రవంలో ముంచి తీస్తే ఆ నలుపు క్షణాల్లో పోతుంది, పువ్వులూ ఆకులూ ఒకే తెల్లని ముద్దలా మిగులుతాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ఒక టీ పాత్ర మాత్రం నన్ను బాధపెట్టింది. దాని పొట్ట మీద ఊపిరి ఊది చూశాను. ఆవిరి పట్టిన క్షణంలో, ఎవరో అరగదీసి చెరిపేసిన ఒక కుటుంబ చిహ్నం నీడలా తేలి, ఆవిరితో పాటే మాయమైంది. అక్కడ బొటనవేలితో నొక్కితే రేకు కొద్దిగా లోపలికి వంగింది. పాత యజమాని గుర్తును చెరిపినవారు లోహాన్నే పలచన చేశారు.

వేలంలో ఇలాంటి సామాను ముక్కలు ముక్కలుగా చెదిరిపోతుంది. 2020లో అమెరికన్ గృహాలంకర్త మారియో బువాటా ఇంటి వస్తువులను సోథెబీస్ వేలం సంస్థ అమ్మినప్పుడు ఆ అలంకర్త పేరే కేటలాగుకు శీర్షికయింది. అంతటి పేరు లేనివారి విషయంలో ఏ వస్తువు దేని పక్కన నిలిచిందన్న జ్ఞాపకం బిల్లులతో, ఫొటోలతోనే బతకాలి. అందుకే ప్రతి వస్తువుకూ దాని కొనుగోలు రసీదు నకలును, గదిలో ఉన్నప్పటి ఫొటోను జతచేశాను. సెమ్మెలనూ పళ్లేన్నీ విడివిడిగా అమ్మితే ఎక్కువ రావచ్చని ఒకరు సలహా ఇచ్చారు. వారసులను అడిగి, వారు సరేనన్నాక, జాబితాలో ఆ మూడింటినీ ఒకే సంఖ్య కింద రాశాను.