సెయింట్ బార్ట్స్ అనే చిన్న దీవి

కరీబియన్‌లోని సెయింట్ బార్తెలెమీ దీవిని ఇంగ్లీషు మాట్లాడేవారు కుదించి సెయింట్ బార్ట్స్ అంటారు. 1493లో కొలంబస్ తన తమ్ముడు బార్తొలొమేయో పేరు మీద పెట్టిన ఆ పేరు, పాలకులు మారినా నిలిచింది. 1784లో ఫ్రాన్స్ దీనిని స్వీడన్‌కు ఇచ్చివేయగా, రేవు పట్టణానికి మూడవ గుస్తావ్ రాజు పేరిట గుస్తావియా అన్న పేరు వచ్చింది. 1878లో దీవి తిరిగి ఫ్రాన్స్‌కు దక్కాక కూడా దానిని మార్చకపోవడం నాకు ఎంతో నచ్చిన విషయం. దీవి అధికార చిహ్నంలోని డాలు మీద ఫ్రాన్స్ లిల్లీ పూలు, మాల్టా శిలువ, స్వీడన్ మూడు కిరీటాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అడుగున మాత్రం ఆదివాసులు పిలుచుకున్న వానాలావ్ అనే పేరు రాసి ఉంటుంది. 2007లో గ్వాడెలూప్ అనే కరీబియన్ ఫ్రెంచ్ ప్రాంతపు పాలన నుంచి విడివడిన ఈ దీవి, ఫ్రాన్స్‌లో భాగంగానే ఉంటూ, పన్నుల వంటి వ్యవహారాలను సొంత మండలి ద్వారా తానే నిర్ణయించుకుంటోంది.