లాస్ ఏంజెలెస్‌లో మాడు

కారు దిగకముందే నాలుగు డాలర్లు పోయినాయి. ఒలింపిక్ బులెవార్డ్ పక్కన ఒక షాపుల వరస, దాని ముందర పదిహేను కార్లు పట్టే జాగా, అందులో ముప్పై కార్లు. తాళం వాలే పార్కింగ్ కుర్రాడి చేతిలో పెడితే అతనే ఎక్కడో ఒకచోట దూరుస్తాడు. "మన కారు మనమే పెట్టుకుంటే ఎంత?" అని అడిగాను. "పెట్టుకోనివ్వరు మామయ్యా" అన్నాడు అల్లుడు. నా మూడ్ చెడింది అక్కడే.

అంతకుముందు నాలుగు రోజులు పాప, అల్లుడు నాకు చాలా చూపించారు. హాలీవుడ్ నక్షత్రాలు, గ్రిఫిత్ కొండ, శాంటా మోనికా సముద్రం. అవన్నీ ఫోటోల్లో ఉన్నాయి, అక్కడే ఉండనీ. నేను రాయాలనుకున్నది ఆ శనివారం మధ్యాహ్నం కొరియా టౌన్‌లో ఒక కొరియా హోటల్లో తిన్న తిండి గురించి. ఇర్వైన్ నుంచి ఐదో నంబరు ఫ్రీవే మీద గంటన్నర కూర్చుని పోయినాం. నా భార్య రాలేదు. శనివారం ఒక్కపొద్దు. పైగా "కొరియా వాళ్ల వంట వాసన మనూర్లో చూసింది చాల్దా, ఈడ కూడా చూడల్లా?" అంది.

మాది పెనుకొండ. తళ్లికోట యుద్ధంలో ఓడినాక విజయనగర రాజులు రాజధానిని మా ఊరికి మార్చుకున్నారని ముప్పై ఏళ్లు పిల్లకాయలకు పాఠం చెప్పినాను. ఇప్పుడు ఎవరికైనా మా ఊరి పేరు చెబితే "ఓ, కియా ఊరా" అంటారు. ఆ కొరియా కంపెనీ వాళ్లు ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కట్టి, 2019లో కార్లు బయటికి తెచ్చారు. ఆ లోపలే హైవే పొడుగునా గుండ్రాలూ గీతలూ కలిపిన లిపిలో బోర్డులు లేచాయి. ఆ బోర్డుల కింద స్కూటర్ మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. ఒక్కనాడూ తలుపు తోసి లోపలికి పోలేదు. అది వాళ్ల కోసం పెట్టింది, మనకేం పని అనుకునేవాణ్ణి. చివరికి పధ్నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఇక్కడ తలుపు తోసినాను. తోసినా ఏం లాభం, లోపల జాగా లేదు. పేరు రాసి బయట నిలబడమన్నారు.

నలభై ఐదు నిమిషాలు నిలబడ్డాం. కొరియా టౌన్ అంటే వీధి నిండా కొరియా వాళ్లే ఉంటారనుకున్నా. పక్కన పోయేవాళ్లలో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడుతున్నారు. ఇక్కడ కాపురాలు ఉండేవాళ్లలో వాళ్లే ఎక్కువట. 1992 అల్లర్లలో ఈ పేటలో కొరియా వాళ్ల దుకాణాలు ఎన్నో కాలిపోయాయని అల్లుడు చెప్పాడు. మేము తినడానికి వచ్చింది టోఫు పులుసు, టోఫు అంటే సోయా పాలతో చేసే గడ్డ. ఆ పులుసుకు ఈ ఊళ్లో పేరు తెచ్చింది లీ హీ-సూక్ అనే ఆమె అని కూడా అతనే చెప్పాడు. 1996లో ఇదే పేటలో బీసీడీ టోఫు హౌస్ అని పెట్టిందట. బీసీడీ అంటే ఏబీసీడీలో ముక్క కాదు, సియోల్‌లో బుక్‌చాంగ్-డాంగ్ అనే చోటు పేరును అక్షరాల్లోకి కుదించింది. ఆమె 2020లో పోయింది. మేము నిలబడింది ఆ హోటల్ ముందర కాదు, అదే దారిలో వచ్చిన ఇంకో చిన్న హోటల్ ముందర.

లోపల కూర్చున్నాక బల్ల పక్కన ఒక సొరుగు. లాగితే చెంచాలు, ఇనుప పుల్లలు. బల్ల మీద ఒక గంట బటన్, నొక్కితే మనిషి వస్తుంది. పక్క బల్ల వాళ్లు మాత్రం బటన్ నొక్కకుండా "ఈమో!" అని పిలుస్తున్నారు. అంటే అమ్మ తోబుట్టువు. పెద్దమ్మకైనా చిన్నమ్మకైనా అదే మాటట. వడ్డించే ఆమెకు అరవై దాటి ఉంటాయి. మా వైపు మెస్సుల్లో కూడా "అక్కా, ఇంకొంచెం రసం" అనే కదా అడుగుతాం.

కారం ఎంత అని అడిగారు. అసలు కారం లేనిది, తక్కువ, మధ్యరకం, ఎక్కువ, మరీ ఎక్కువ అని మెనూలో ఐదు మెట్లు ఉన్నాయి. నేను చివరి మెట్టు మీద వేలు పెట్టాను. ఆమె నా మొహం చూసి, అల్లుడి మొహం చూసి, "వెరీ హాట్" అంది. "మా ఊరికొచ్చి ఊరిబిండి తినమను" అన్నాను పాపతో. పాప ఆ మాట తర్జుమా చెయ్యలేదు.

పాప పుట్టగొడుగులది అడిగింది. వెజిటేరియన్ అంటే ఇక్కడ మాంసం ముక్కలు వెయ్యనిది అని మాత్రమే అర్థం, పులుసు నీళ్లు ఎక్కువగా ఎండు నెత్తళ్లతో మరిగించినవే. పాపకు ఆ పట్టింపు లేదు గానీ, మా అత్తగారి లాంటివాళ్లను తీసుకొచ్చేవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. కాల్చిన మాంసంలో గల్బి అని ఎద్దు పక్కటెముకలు ఈ హోటల్‌కు పేరు. ఎముకకు అడ్డంగా కోసిన పలచటి బద్దలు, ఒక్కో బద్దలో మూడు ఎముక ముక్కలు. ఆ కోతకు కొరియాలో కూడా ఎల్ఏ గల్బి అనే పేరట. మాకు అది వద్దు కాబట్టి కోడి మాంసం చెప్పినాం.

ముందు చిన్న గిన్నెలు వచ్చాయి, ఎనిమిదో తొమ్మిదో. క్యాబేజీ కిమ్చి, అంటే పులియబెట్టిన ఊరగాయ లాంటిది, ముల్లంగి కిమ్చి, సోయా మొలకలు, దోసకాయ ముక్కలు, మనిషికొక వేయించిన చిన్న చేప. నేను అల్లుడి చెవిలో "ఇవన్నీ ఎంత?" అన్నాను. ఏమీ లేదు, అయిపోతే మళ్లీ తెస్తారు అన్నాడు. నాలుగు డాలర్ల పార్కింగ్ కోపం సగం అక్కడే దిగింది. అనంతపురంలో ఫుల్ మీల్స్‌కి కూడా ఇప్పుడు రెండోసారి కూర అడిగితే మొహం చిట్లిస్తున్నారు.

తర్వాత పులుసు వచ్చింది. వచ్చింది అంటే మరుగుతూ వచ్చింది. నల్లటి మట్టి పాత్ర, కింద చెక్క పళ్లెం. పాత్ర బల్ల మీద పెట్టినాక కూడా ఎర్రటి పులుసు బుడగలు ఎగరేస్తూనే ఉంది. మా అవ్వ రాచ్చిప్పలో పులుసు కాచి పొయ్యి మీంచి దించినా ఇట్లే ఉడికేది. ఆ రాచ్చిప్ప నా చిన్నప్పుడే పగిలిపోయింది. పక్కన ఒక పచ్చి గుడ్డు పెట్టారు. కొట్టి అందులో వెయ్యమన్నారు. వేస్తే తెల్లసొన కళ్ల ముందే గడ్డకట్టింది.

టోఫు అంటే పన్నీరు లాగా గట్టిగా ఉంటుందనుకున్నా. ఇది ఆ రకం కాదు. నీళ్లు పిండకుండా, అచ్చులో నొక్కకుండా వదిలేసిన సోయా పాల గడ్డ. ఈనిన ఆవు పాలతో కాచిన జున్ను కంటే మెత్తగా ఉంది. చెంచా నిండా తీసుకుని, కారానికి సిద్ధమై, నోట్లో పెట్టుకున్నా.

కారం ఏమీ లేదు. బ్యాడిగి మిరపకాయ లాగా రంగే గానీ మంట లేదు. అయితే ఆ సంగతి తెలిసేలోపే నాలుక కాలిపోయింది. పైన చల్లారినట్టు కనిపించినా, ఆ మెత్తని ముద్ద లోపల నిప్పు. మింగలేక, ఉమ్మలేక, కళ్లల్లో నీళ్లు. ఆ పెద్దామె పరుగున వచ్చి చల్లటి బార్లీ నీళ్లు పోసి, నేను చెప్పానా అన్నట్టు తల ఊపింది. కారం వల్ల కాదమ్మా, వేడి వల్ల అని చెప్పడానికి నాకు నాలుక లేదు. రాయలసీమ పరువు ఆ రోజు ఒలింపిక్ బులెవార్డ్‌లో అన్యాయంగా పోయింది.

కోడి మాంసం గురించి ఎక్కువ చెప్పను. సోయా సాస్, చక్కెర, వెల్లుల్లి పట్టించి ఇనుప పెనం మీద తెచ్చారు. తియ్యగా ఉంది, నాకు తీపి మాంసం పడదు. పక్క బల్ల దగ్గర ఒకతను మాంసాన్ని కత్తెరతో కోస్తున్నాడు, బట్టలు కత్తిరించే లాంటి కత్తెర. చూస్తే మెక్సికో మనిషి, మాట్లాడేది కొరియా భాష. గడగడా మాట్లాడుతున్నాడు, ముసలివాళ్లు నవ్వుతున్నారు. మా హైవే హోటళ్లలో బీహారు పిల్లోడు "సార్, ఉగ్గాని బజ్జీ" అన్నట్టే.

ఇంతకూ అన్నం. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. ఒక్కొక్కరికి ఒక్కో చిన్న రాతి కుండ, మూతతో, లోపల అప్పుడే ఉడికిన అన్నం. పెద్దామె వచ్చి అన్నం తీసి వేరే గిన్నెలో పెట్టింది. కుండ అడుగున అంటుకున్న మాడు మాత్రం అట్లనే వదిలి, అందులో వేడి నీళ్లు పోసి మూత పెట్టింది. కడగడానికి నానబెట్టిందేమో అనుకున్నా. అయితే తీసుకుపోలేదు, నా ముందరే పెట్టి పోయింది. "అది చివర్లో తినాల నాన్నా" అంది పాప. దాని పేరు నురుంగ్‌జి అట.

తిండి అయినాక మూత తీశాను. నీళ్లు పీల్చి ఉబ్బిన మాడు, గోధుమ రంగు నీళ్లు, ఆవిరి. ఆ వాసన.

మా ఇంట్లో వరన్నం పండగకో చుట్టాలు వస్తేనో. మిగతా రోజులు సంగటే. ఆ అన్నం కూడా కట్టెల పొయ్యి మీద ఇత్తడి తపేలాలో. మంట ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, కాబట్టి మాడు తప్పేది కాదు. పై అన్నం నాయనకు, చుట్టాలకు, తర్వాత మాకు. చివర్న అమ్మ తపేలాలో నీళ్లు పోసి నానబెట్టి, అట్లకాడతో గీకి, ఉప్పు, ఉల్లిగడ్డ, ఉంటే మజ్జిగ వేసుకుని తినేది. అంటే ఆమె తిన్న వరన్నంలో ఎక్కువ భాగం మాడే. నాకు కావాలని ఏడిస్తే, "గిన్నె గీకి తింటే నీ పెండ్లిలో వాన పడుతుంది" అని బెదిరించేది. అనంతపురం జిల్లాలో వాన పడుతుందని బెదిరించడం! "పడనీ మా, చెనక్కాయలన్నా పండుతాయి" అన్నాను ఒకసారి. అమ్మ నవ్వి, "నా పెండ్లి అయిపోయింది లే, నేను తింటా" అని తపేలా తన వైపుకు లాక్కుంది. నాకు ఇవ్వలేదు. అది ఆమెకు మిగిలిన ముద్ద అని అప్పుడు నాకు తట్టలేదు.

నాది తిన్నాను. పాప తన కుండ నా వైపు జరిపింది, అదీ తిన్నాను. కాలిన నాలుకకు ఆ నీళ్లు హాయిగా ఉన్నాయి.

బిల్లు 63 డాలర్లు, మీద పన్ను తొమ్మిదిన్నర శాతం దాటి. ఆ తర్వాత ఒక చిన్న మెషిన్ మన ముందర పెట్టి టిప్పు 18 శాతమా, 20 శాతమా, 22 శాతమా అని అడుగుతుంది. సున్నా అనే బటన్ కోసం నేను వెతికాను, పాప నా చెయ్యి పక్కకు నెట్టింది. కొరియాలో టిప్పు ఇచ్చే అలవాటే లేదట, ఇక్కడికి వచ్చాక ఈ జబ్బు అంటుకుంది. పార్కింగ్‌తో కలిపి మన డబ్బుల్లో ఏడు వేలు దాటింది. దారి పొడుగునా లెక్క వేస్తూనే ఉన్నాను. ఒక్క మాడుకు విడిగా ఎంత పడినట్టు అని అల్లుణ్ణి అడిగితే, రోడ్డు చూస్తున్నట్టు నటించాడు.

ఇర్వైన్ వచ్చాక పాప హెచ్ మార్ట్ అనే కొరియా సరుకుల షాపు దగ్గర ఆపింది. అక్కడ మాడు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. పలచటి గుండ్రటి బిళ్లలు, ఎండబెట్టినవి. కొరియాలో కూడా కరెంటు కుక్కర్లు వచ్చాక ఇళ్లల్లో మాడు అంటుకోవడం తగ్గిపోయింది, ఇప్పుడు కొనుక్కుంటున్నారు. ఒక ప్యాకెట్ కొన్నాం.

నా భార్య దాన్ని తిప్పి తిప్పి చూసింది. "మాడబెట్టిన కూటికి డబ్బులిచ్చి వచ్చినారా?" అంది. అల్లుడు నవ్వాడు, నేను నవ్వలేదు. ఒక్కపొద్దు కాబట్టి ఆ రాత్రి ఆమె రెండు అరటిపండ్లు తిని పడుకుంది.

ఆదివారం నేను లేచేసరికి ప్యాకెట్ సగం ఖాళీ. సింకులో ఒక గిన్నె, పక్కన ఉల్లిగడ్డ పొట్టు.