కుడివైపు 0.62, ఎడమవైపు 0.88: ఆర్‌ఎక్స్ 100 హెడ్ క్లియరెన్స్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం బండి స్టార్ట్ అయింది. మా నాన్నగారి యమహా ఆర్‌ఎక్స్ 100, టూ స్ట్రోక్ బైకు, 1994 మోడల్. ఈ ఇంజన్ పని నడిచినన్నాళ్లూ ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా హెడ్ క్లియరెన్స్ (పిస్టన్‌కీ, పైనున్న హెడ్‌కీ మధ్య సందు) గురించి సరైన సమాధానం రాలేదు. పైగా అడిగినందుకు నలుగురిలో మాట పడాల్సి వచ్చింది. ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను.

విప్పడంలో ఇబ్బందేమీ లేదు. క్రాంక్ బేరింగులు, క్లచ్ ప్లేట్లు, రీడ్ వాల్వ్ అన్నీ మామూలుగానే అయిపోయాయి. క్రాంక్ ఆయిల్ సీళ్లు మాత్రం రెండూ మార్చేయండి. అక్కడ గాలి పీలిస్తే మిక్చర్ పలచబడి కొత్త పిస్టన్ కూడా పట్టేస్తుంది.

పాత పిస్టన్ తల అంచు చుట్టూ గుండుసూదితో పొడిచినట్టు గుంటలున్నాయి. లోడ్ మీద వెళ్తుంటే ఇంజన్ గలగలమని నాకింగ్ కొట్టడం ఎప్పటినుంచో ఉంది, ఆ గుంటలు దాని వల్లే. ఈ బండికి బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ., మొత్తం 98 సీసీ. బోరు అరిగింది కాబట్టి 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ తీసుకున్నాం, దాంతో ఇంజన్ 100 సీసీ అయింది. మేస్త్రి సిలిండర్ బ్లాకును నేరుగా బోరింగ్ షాపుకి పంపించాడు. తిరిగి వచ్చినప్పుడు బిల్లులో మనం చెప్పని పని ఒకటి ఉంది: టాప్ ఫేసింగ్, అంటే బ్లాకు పైభాగాన్ని మిషన్ మీద చెక్కి చదును చేయడం. "పైన కూడా నున్నగా కొట్టి ఇచ్చారన్నా, పికప్ పెరుగుద్ది" అన్నాడు మేస్త్రి. బ్లాకు అడుగున కుడివైపు గట్టిపడిపోయిన పాత గ్యాస్కెట్ ముక్క అలాగే అంటుకుని ఉంది. దాన్ని నేనే బ్లేడుతో గీకి శుభ్రం చేశాను. ఈ ముక్కను గుర్తుపెట్టుకోండి.

పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ, హెడ్ అంచుకీ మధ్య మిగిలే సందే క్లియరెన్స్. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఆ సందులో ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమం నలిగి మధ్యకి, ప్లగ్ వైపుకి దూసుకెళ్తుంది. అప్పుడే మంట త్వరగా, సమంగా అంటుకుంటుంది. సందు మరీ ఎక్కువైతే అంచున మిగిలిన మిశ్రమం దానంతటదే పేలి నాకింగ్ వస్తుంది. మరీ తక్కువైతే ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో తిరుగుతున్నప్పుడు పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కన్‌రాడ్ సాగి, పైన మసి కూడా పేరుకుని పిస్టన్ హెడ్‌కి తగులుతుంది. వంద సీసీ ఇంజన్‌కి 0.8 నుంచి 1.0 మి.మీ. మంచిది. రోజూ ఆఫీసుకి వెళ్లే బండి కాబట్టి నేను 1.0 అనుకున్నాను.

కొలవడానికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే సోల్డర్ తీగ చాలు. తీగ మందం సందు కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే నలగదు. నేను 1.6 మి.మీ. తీగ వాడాను. పిస్టన్ మీద, దాన్ని కన్‌రాడ్‌కి కలిపే పిన్ ఉన్న వరుసలో, కుడివైపు ఒక ముక్క, ఎడమవైపు ఒక ముక్క, బోరు గోడకి తగిలేలా గ్రీజుతో అంటించాలి. గ్యాస్కెట్లు వేసి, హెడ్ నట్లు క్రాస్‌గా పూర్తి టైట్ చేసి, ఇంజన్‌ని చేత్తో నెమ్మదిగా ఒక్కసారి తిప్పాలి. విప్పి, నలిగిన తీగని అంచు దగ్గర వెర్నియర్‌తో కొలవాలి.

కుడివైపు 0.62. ఎడమవైపు 0.88.

కొత్త తీగ వేసి మళ్లీ చూశాను, మళ్లీ అవే. మేస్త్రి అయితే "పిస్టన్ ఊగుద్దన్నా, మామూలే. అడుగున రెండు గ్యాస్కెట్లు వేసి బిగించేద్దాం" అన్నాడు. పిస్టన్ ఊగేది ముందుకీ వెనక్కీ. పిన్ వరుసలో, అంటే కుడి ఎడమలకి, అది వాలదు. తీగని ఆ వరుసలో పెట్టేదే అందుకు. ఇక రెండు గ్యాస్కెట్లు వేస్తే బ్లాకు మొత్తం పైకి లేస్తుంది, దాంతో పోర్టులు (సిలిండర్ గోడలో మిశ్రమం, పొగ వెళ్లే రంధ్రాలు) తెరుచుకునే టైమింగ్ మారిపోతుంది. వంకర మాత్రం వంకరగానే ఉంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కన్‌రాడ్ వంగి ఉంటే క్రాంక్ మళ్లీ విప్పాలి, అదే నా టెన్షన్. పొద్దున్నే బ్లాకు, పిస్టన్ తీసేసి, క్రాంక్‌కేస్ మూతి మీద ఒకే మందం ఉన్న, గ్రైండ్ చేసిన రెండు స్టీలు పట్టీలు పెట్టి, రాడ్‌కి పిన్ తొడిగి వాటి మీద ఆనించాను. రెండు వైపులా సమంగా ఆనింది, కింద సిగరెట్ కాగితం కూడా దూరలేదు. రాడ్ నిటారుగానే ఉంది. అప్పుడు బ్లాకు ఎత్తు నాలుగు మూలలా కొలిచాను. కుడివైపు, ఎడమవైపు కన్నా 0.4 మి.మీ. తక్కువ. బ్లాకు మూలలు బోరు అంచు కన్నా దూరంగా ఉంటాయి కాబట్టి తీగల్లో ఆ తేడా 0.26గానే కనిపించింది. నేను గీకి తీసిన గ్యాస్కెట్ ముక్క చెత్తబుట్టలోనే ఉంది, దాన్ని కూడా కొలిస్తే అంతే మందం. మిషన్ మీద బ్లాకుని ఆ ముక్కతోనే పెట్టి పైన చెక్కేశారు. అది కుడివైపుని ఎత్తింది, అందుకే అక్కడ లోహం ఎక్కువ పోయింది.

బ్లాకు, నలిగిన తీగలు, కొలతలు రాసిన కాగితం తీసుకుని ఆ షాపుకి వెళ్లాను. పది మంది కస్టమర్లు ఉన్నారు. యజమాని కాగితం వంక కూడా చూడలేదు. తీగముక్కలు చేతిలోకి తీసుకుని అందరికీ చూపించి, "ఇదిగో, ఈ బాబు సీసం తీగతో నాకు పాఠం చెప్పడానికొచ్చాడు" అన్నాడు. అందరూ నవ్వారు. "వెర్నియర్ మీ చేత్తో మీరే పెట్టి చూడండి సార్" అన్నాను. "ముప్ఫై ఏళ్ల నుంచి చేస్తున్నాం, నీ వెర్నియర్ ఎవడిక్కావాలి? కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి ఇంజన్లెందుకు?" అని తీగముక్కల్ని లోహపు పొట్టులో పారేశాడు. నేను వంగి వాటిని ఏరుకున్నాను. బ్లాకు అక్కడ చెక్కిన కుర్రాడు తల దించుకుని నిలబడ్డాడు. జరిగింది వాడికి అర్థమైంది.

అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ ముప్ఫై ఏళ్లు చేశామన్న మాట కొలతకి జవాబు కాదు. అందాజాగా చేసే పని వల్ల ఎన్ని ఇంజన్లు పాడై, "డూప్లికేట్ పిస్టన్ వేశారు" అన్న పేరుతో తుక్కులోకి పోయాయో ఆలోచిస్తే బాధేస్తుంది. ఈ బండి తయారీ 1996లోనే ఆగిపోయింది. ఒరిజినల్ బ్లాకు ఒకటి పాడుచేస్తే ఇంకొకటి రాదు.

ఇంకో వీధిలో లేత్ దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరున్నారని పెయింటర్ చెబితే వెళ్లాను. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మొత్తం చదివారు. తర్వాత బోరు సైజుకి మాండ్రిల్ (బోరులో సరిగ్గా పట్టే గుండ్రటి కడ్డీ) తిప్పి, బ్లాకుని దాని మీద ఎక్కించి, వంకర చూపించే డయల్ గేజ్ పెట్టారు. అడుగు భాగం బోరుకి నిటారుగానే ఉంది, వాలింది పైభాగమే. దాన్ని సమం చేశాక రెండు వైపులా 0.60 దగ్గర నిలిచింది. మిగతా 0.4 కోసం హెడ్ లోపలి అంచుని, పిస్టన్ తల వాలు చూసుకుంటూ, అంత లోతు తీశారు. "అడుగు తాకొద్దు బాబూ, పోర్టులు మారతాయి" అని నేను అడగకముందే చెప్పారు. ప్రాణం లేచొచ్చింది.

మళ్లీ తీగ పెడితే కుడివైపు 1.02, ఎడమవైపు 1.00. లేత్ పని అయ్యాక హెడ్ లోపలి ఘనపరిమాణం కూడా చూసుకోవాలి. 50 మి.మీ. బోరుకి అరమిల్లీమీటరు తేడా అంటే దాదాపు 1 సీసీ, కంప్రెషన్ మార్చడానికి అది చాలు. పిస్టన్‌ని పైకి తెచ్చి, ఇంజన్‌ని ప్లగ్ రంధ్రం నిటారుగా ఉండేలా వంచి, మెడికల్ షాపు సిరంజితో 2టి (టూ స్ట్రోక్) ఆయిల్ కలిపిన డీజిల్ పోసి కొలిచాను. 11 సీసీ దాటి కాస్త వచ్చింది. ఓవర్‌సైజ్ పిస్టన్‌కి అది సరిపోతుంది.

ఇప్పుడు నాకింగ్ లేదు. పొగ తెల్లగా, పలచగా వస్తోంది. 500 కి.మీ. దాకా ఫుల్ థ్రోటిల్ ఇవ్వను, ఆ తర్వాత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు హెడ్ నట్లు మళ్లీ చూసుకోవాలి.

ఇంజన్ కట్టించుకునేవాళ్లు బ్లాకు షాపుకి పంపేముందు అడుగుభాగం మీరే గీకి పంపండి. వెంట చీటీ మీద "బోరింగ్, హోనింగ్ మాత్రమే. పైన ఫేసింగ్ వద్దు" అని రాసి, షాపు వాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. పెట్టనంటే బ్లాకు వెనక్కి తెచ్చేసుకోండి, ఆటోనగర్‌లో షాపులకి కొదవలేదు.